ఎయిర్ ఫోర్స్ లాట్ మొత్తం వాపస్ పంపిన, బుకింగ్ చేసినోళ్లు జర చదువుండ్రి

హన్మకొండల నా పాత మిలిటరీ సామాను షాపుకు ఎప్పటికీ వచ్చే అన్నలకు, అక్కలకు, రిటైర్డ్ సార్లకు అందరికి నమస్తే. దసరా ముందట చెప్పిన రాయల్ ఇండియన్ ఎయిర్ ఫోర్స్ కాలం బ్యాడ్జీల, గుండీల లాట్ ఇగ మీకు రాదు. సామాను వచ్చింది, చూసిన, మొత్తం వాపస్ పంపిన. అడ్వాన్స్ ఇచ్చినోళ్ల పైసలు ఏ నంబర్ నుంచి వచ్చినయో ఆ నంబర్‌కే ఈ వారంల పడ్తయ్, ఎవ్వలు అడగాల్సిన పని లేదు. కానీ ఎందుకు పంపిననో నా నోటితోనే ఇనాలె, ఎందుకంటే "ఎక్కువ రేటు వచ్చిందని హైదరాబాదోళ్లకు అమ్ముకున్నడట" అనే ముచ్చట అప్పుడే నా చెవుల పడ్డది, గా మాట నాకు మస్తు తాకింది.

ఈ లాట్ కోసం మీరు ఎంత ఎదురుచూసిండ్రో నాకు ఎరుకే. మన ఎయిర్ ఫోర్స్ పేరు ముందట రాయల్ అన్న మాట 1945 మార్చిల వచ్చింది, 1950 జనవరి 26న పోయింది, నడుమ ఐదేండ్లు కూడ నిండలే, అందుకే ఆ కాలం వింగ్స్ (పైలట్లు ఛాతి మీద పెట్టుకునే రెక్కల గుర్తు) గాని గుండీలు గాని దొరుకుడే కష్టం. అదొకటి, దాని మీదికెల్లి 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ గుడ్డ బ్యాడ్జీలు కూడ ఉన్నయన్నరు. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, అది బ్రిటిష్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రనే గాని పైసలు ఇచ్చింది మన నిజాం, 1940ల బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌ల స్పిట్‌ఫైర్లు నడిపిండ్రు, తర్వాత బర్మా దిక్కు కూడ వచ్చిండ్రు. ఆ బ్యాడ్జి నడుమల ఉండేది నిజాం తలపాగ. నిజాం కాలంల కట్టిన మామునూరు ఎయిర్‌పోర్టు పక్కపొంటి రోజు పోయి వచ్చేటోళ్లం, మన ఖజానా పైసలతోని ఎగిరిన విమానాల గుర్తు మన ఊరి షాపుల ఉండాలని నాకు శాన ఏండ్ల కోరిక.

సామాను పంపింది ఉత్తరాది సప్లయర్, ఆయన పేరు ఈడ రాయను. ఇంతకుముందు ఆయన దగ్గర తెచ్చినయి అన్నీ మంచిగనే ఉండె. లాట్‌తోని ఒక కాగితం పెట్టిండు, అన్నీ ఒకే ఆఫీసర్ ట్రంకు పెట్టెలయి, 1944ల బర్మా నుంచి తెచ్చుకున్నయి అని. నేను షట్టర్ సగం దించి టేబుల్ లైట్ కింద ఒక్కొక్కటి చూసుకుంట వచ్చిన. 152 బ్యాడ్జి చేతుల పట్టుకోంగనే కన్ను దాని పైన ఉన్న బ్రిటిష్ కిరీటం మీదికి పోయింది. కింగ్స్ క్రౌన్, అంటే రాజు కాలం కిరీటం అయితే పైన ఆర్చీలు గోపురం లెక్క గుండ్రంగ లేస్తయ్, క్వీన్స్ క్రౌన్, అంటే రాణి కాలంది అయితే నడుమల సొట్ట పడ్తది. 1952ల ఎలిజబెత్ రాణి గద్దె ఎక్కినంకనే ఆ సొట్ట కిరీటం బ్యాడ్జీల మీదికి వచ్చింది. 1944 అని కాగితం రాసిన బ్యాడ్జి మీద సొట్ట సాఫ్‌గ కనవడ్తుంది!

ఫోన్ చేస్తే "అయితే 1960లది అయి ఉంటది" అన్నడు. ఆ స్క్వాడ్రన్ 1960లల్ల గల్ఫ్ దిక్కు ఉన్నది నిజమే, అందుకని ఆ మాట కూడ పక్కకు పెట్టకుంట చూసిన. యూవీ టార్చ్ కొడితే తెల్ల దారం నీలంగ మెరిసింది, ఇప్పటి దారం అట్ల మెరుస్తది. దాన్ని ఒక్కదాన్నే పట్టుకోని నకిలీ అని చెప్పొద్దు, పాత గుడ్డను ఇప్పటి సర్ఫ్‌తోని ఉతికినా అట్లనే మెరుస్తది. వెనక వేలాడే పోగు ఒక్కటి కత్తిరించి అంటువెట్టిన. అప్పటి ఎంబ్రాయిడరీ ఎక్కువగ కాటనో రేయానో పట్టో, కాలిస్తే బూడిద కావాలె, నలిపితే వేళ్ల నడుమ పొడి అయిపోవాలె. ఇది కరిగి నల్లగ గట్టి పూస అయి కూసున్నది, అంటే సింథటిక్ దారం. పైలట్ వింగ్స్ దారం కూడ సేమ్. ట్రంకుల డెబ్బై ఎనభై ఏండ్లు పడి ఉన్నదానికి నాఫ్తలిన్ వాసన గాని పురుగు తిన్న గుర్తు గాని ఒక్కటి లేదు.

ఇవన్నీ చెప్తె ఆయన అన్న మాట, "అరె భాయ్, వరంగల్ మే కౌన్ పెహచాన్తా," అంటే వరంగల్ల ఎవ్వలు గుర్తుపడ్తరు అని. పైసలు పోతే పోయినయ్ అనుకునేటోన్ని, గా మాట మాత్రం నేను మర్సిపోను. కొత్తవాడల దర్రీలు నేసే ఊరు ఇది, దారం వేళ్ల నడుమ రుద్ది కాటనా కాదా చెప్పేటోళ్లు గల్లీకొకరు ఉన్నరు. నా కస్టమర్లల్ల ముప్పై ఏండ్లు ఎయిర్ ఫోర్స్‌ల చేసి వచ్చిన సార్లు ఉన్నరు. వాళ్లకు ఎరుక కాదా?

ఇగ నన్ను నిద్ర పోనియ్యంది ఏందంటే గుండీలు. ఆ ఇత్తడి గుండీలు మంచియే అన్నా. గద్ద మీద కింగ్స్ క్రౌన్ సక్కగ ఉన్నది, వెనక కొండీ అరిగి ఉన్నది, సందులల్ల పాత పాలిష్ తెల్లగ పేరుకోని ఉన్నది, గది ఎవ్వలు కావాలని చేసేది కాదు. నాలుగైదుగురు వాటికే బుక్ చేసిండ్రు. గుండీలు ఉంచుకోని మిగతావి పంపు అని ఇంట్ల అన్నరు, దోస్తులు అన్నరు, సప్లయర్ కూడ గదే అన్నడు, రేటు సగం చేస్త అన్నడు. ఇంకొకాయన, బ్యాడ్జీలను రెప్లికా అని చెప్పే అమ్మరాదు, తప్పేముంది అన్నడు. తప్పు లేదు, కానీ నేను రెప్లికా అని రాసిచ్చిన చీటి నా దగ్గర కొన్నాయన దగ్గరిదాకనే ఉంటది, ఆయన ఇంకొకరికి ఇచ్చిన నాడు చీటి పోతది, బ్యాడ్జి ఉంటది, "వరంగల్ షాపుల కొన్నదే" అన్న మాట కూడ ఉంటది. గుండీల సంగతి అంతకంటే కష్టమైంది. నా దగ్గర కొన్న ప్రతిదానికి అది ఎవరి దగ్గరికెల్లి వచ్చిందో ఒక కాగితం ఇస్తనని మీకు తెలుసు. ఈ గుండీలకు ఏం రాయాలె? బర్మా ఆఫీసర్ ట్రంకు అని రాస్తే అబద్ధం, ఏం రాయకుంట ఇస్తే ఇన్నేండ్లు నేను పెట్టుకున్న పద్ధతే పాయె. డబ్బ మూత పెట్టుడు, మళ్ల తీసి చూసుడు, అట్ల మస్తు సేపు అయింది. ఆఖరికి గుండీలతో సహా పార్సిల్ కట్టిన. గుండీలకు బుక్ చేసిన సార్లకు కోపం వస్తదని తెలుసు, అయినా మళ్ల అదే చేస్త.

ఇంతకుముందు ఆ సప్లయర్ నుంచి వచ్చి నా దగ్గర కొన్నయి ఏమన్న మీ ఇంట్ల ఉంటే తీసుకోని రండ్రి, మీ ముందటనే టార్చ్ కొట్టి చూస్త, అనుమానం ఉన్నదానికి పైసలు వాపస్ ఇస్త, బిల్లు లేకున్నా సరే. ఇప్పటికెల్లి బుకింగ్ తీసుకునే ముందే ముందు ఫోటో, వెనక ఫోటో, కిరీటం దగ్గరి ఫోటో, యూవీ కింద ఫోటో గ్రూపుల పెడ్త. అడ్వాన్స్ మాత్రం సామాను నా చేతికి వచ్చి చూసినంకనే.

ఇప్పటి ఫౌజీ ప్యాటర్న్ డ్రెస్‌లు అడిగే తమ్ముళ్లు మళ్ల మళ్ల అడగకుండ్రి, అవి నేను అమ్మను. ఫౌజీనని నమ్మించనీకి వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168 సెక్షన్ ఉన్నది.

152 బ్యాడ్జి కోసం వెతుకుడు బంద్ చెయ్యలే, ఎప్పుడొస్తదో డేట్ మాత్రం చెప్ప. సప్లయర్ ఇంకా ఫోన్ చేస్తనే ఉన్నడు, ఎత్తుతలేను. శనివారం దాక పైసలు పడనోళ్లు షాపు నంబర్‌కు ఒక మెసేజ్ పెట్టుండ్రి.