గచ్చు పూసిన చేతికి కృతజ్ఞతలు

అమెరికాలోని డెట్రాయిట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్ట్స్ మ్యూజియంలో 1932-33లో మెక్సికో చిత్రకారుడు డియేగో రివేరా తడి గచ్చు మీద గీసిన 27 గోడచిత్రాలు, ముఖ్యంగా ఉత్తరపు గోడ మీది ఫోర్డ్ వీ-8 ఇంజన్ తయారీ చూసి అందరూ చిత్రకారుణ్ణే మెచ్చుకుంటారు, న్యాయమే. మా నమస్కారం మాత్రం ఆయనకంటే ముందు గోడెక్కిన తాపీ మేస్త్రీ గారికి.

సున్నం, పాలరాతి పొడి కలిపిన చివరి పూత ఆ రోజు గీయగలిగినంత మేరకే వేశారు మీరు. ఎక్కువైతే గీకెయ్యాల్సిందే, ఆరిన గచ్చు రంగు పట్టదు. నీళ్లలో నూరిన రంగు తడి గచ్చులో ఇంకిన తర్వాత, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో సున్నం మళ్లీ రాయవుతూ దాన్ని బిగించుకుంటుంది. ఇసుకలో ఉప్పుంటే గోడ తెల్లగా పూస్తుంది. సున్నం నీళ్లలో సరిగా మాగకపోతే నెలల తర్వాతైనా బుడిపెలు లేచి పెచ్చులు రాలతాయి. అంత యంత్రాల బొమ్మకీ ఆధారం మీ తాపీయే.