వార్షిక నివేదిక: మన అద్దకం పనివారల సంఘం, పెడన

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా కృతజ్ఞతలు. బల్లలు, గోనెలు ఇచ్చిన పెద్దలకు, రాగి గంగాళంతో పాటు దాన్ని మోసే మనుషుల్నీ పంపిన సభ్యుడికి, అటక మీది పాత టేకు అచ్చులు దింపి అంచులు సరిచేసిన చెక్కడం పనివారికి, రోజూ అన్నం వండిపెట్టిన అక్కచెల్లెళ్లకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది బడిపిల్లలకు చూపించిన కలంకారీ అద్దకం. కరక్కాయ పొడి, గేదెపాలలో తడిపి ఆరేసిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరిన నీళ్లతో అచ్చు వేయగానే నల్లగా తేలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. పటిక నీళ్లతో వేసిన అచ్చు మాత్రం కనీకనపడకుండా ఉంటే, "రంగు పడలేదండీ" అన్నారు. కాలువలో జాడించి, ఎరుపునిచ్చే మంజిష్ఠ, జాజి ఆకుతో ఉడికించాక అదే పువ్వు ఎర్రగా పైకి వచ్చింది. ఒక పాప గుడ్డ తిరగేసి, "వెనకా ఉందండీ!" అంది. ఇన్నేళ్ల పనిలో నేను విన్న మంచి మాట అది.

జాడించే రోజు వస్తామని పేర్లు రాసిచ్చినవారిలో సగం మంది రాలేదు. డెబ్బై దాటిన మేస్త్రి నడుంలోతు నీళ్లలో దిగారు. చూడలేకపోయాను.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. అచ్చుల బాగుకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది, బిల్లులున్నాయి.

కాలువకు నీళ్లు ఆపేసే రోజుల్లో జాడించడానికి వేరే నీటి వసతి కావాలని ఈ ఏడూ అర్జీలు ఇచ్చాం. వెళ్లినప్పుడల్లా "ఫైలు పైన ఉంది" అంటున్నారు. వానల్లో ఎండ లేక, వేసవిలో నీళ్లు లేక పని ఆగితే కూలివాళ్ల ఇళ్లు ఎలా గడుస్తాయి?

చివరిగా, స్క్రీన్ సంగతి, అంటే చెక్క అచ్చు లేకుండా జాలీ చట్రం మీదుగా రంగు తోసి వేసే ముద్రణ. స్క్రీన్ వేసేవారూ మన సభ్యులే, వారి కష్టం తక్కువని అనను. కానీ మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు (ఈ ప్రాంతపు సరుకుకే ఆ పేరు చెల్లుతుందనే ప్రభుత్వ నమోదు) వచ్చింది చేతి అచ్చుకూ, చెట్టు రంగుకూ. స్క్రీన్ చీర మీద ఆ పేరు వేసి అమ్మితే, రోజుల తరబడి అచ్చు కొట్టి, ఉడికించిన చీరకు ధర పలకదు. కాబట్టి స్క్రీన్ సరుకు మీద "స్క్రీన్ ప్రింట్" అనే ముద్ర వేయాలన్న తీర్మానాన్ని సభ ముందు ఉంచుతున్నాను. చేతులెత్తి ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి