ఉదాహరణ చేను గట్టునే ఉంది

సంపాదకులు గారికి,

ఆదివారం చర్చి ప్రసంగాల్లో మంచు తుపాన్లు, గోధుమ పొలాల కథలు ఇంకా వినిపిస్తున్నాయి. డెల్టాలో బోధకులకు ఆ దిగుమతి సరుకుతో పనేముంది?

మత్తయి సువార్త 13వ అధ్యాయం ఉపమానంలో గోధుమల మధ్య మొలిచే కలుపును, గురుగులనే తీసుకోండి. మన వరిలో ఊద అనే కలుపు కూడా అంతే, కంకి తీసేదాకా పైరులో కలిసిపోతుంది. ఆకు కాండాన్ని అంటుకునే చోట వరికి సన్నని తెల్లటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. ఒక్కో మొక్క వేళ్లు కడిగి తెచ్చి చూపిస్తే రెండు నిమిషాల పని. చిక్కల్లా ఒకటే. మన రైతు ఊదను పీకేస్తాడు, ఉపమానంలో యజమాని కోతదాకా ఆగమంటాడు. ఈ తేడాను దాటేస్తే ముందు వరుసలోని రైతే నవ్వుకుంటాడు. గురుగులతో పాటు గోధుమలూ ఊడొస్తాయన్న 29వ వచనం చదివి మరీ చెప్పాలి.

అదే అధ్యాయంలో వల ఒడ్డుకు లాగే పెద్ద వల. విసురు వల చూపిస్తే అర్థం చెడుతుంది. నీటి కాలువల ఒడ్డున నాటిన చెట్టును చెప్పే మొదటి కీర్తన వేసవిలో కాలువలు కట్టేశాక చెబితే ఇంకా బాగా అందుతుంది.

కోతల పండుగ ఆరాధనను కానుకల వేలంపాటే తినేస్తోంది. దాన్ని ఆరాధన ముగిశాక పెట్టుకోవచ్చు. ముందు తొలి పంట పనను తెమ్మనే లేవీయకాండం 23:10 చదివి, ఇంటికో చిన్న వరి పన పాటతో బల్ల దగ్గరికి తేవాలి. భూమి లేనివారు కొడవలి తెస్తారు, వారి చెమటా అందులో ఉంది. తర్వాత 65వ కీర్తన 9 నుంచి 13 వచనాలు బోధకుడు ఒకటి, సంఘం ఒకటి. పనలు ముందురోజే ఆరబెట్టాలి, తడివి కట్టకడితే ముక్కిపోతాయి.

— ఒక పాఠకుడు, కోనసీమ