ఊపిరి ఆడుతోందా అని అడిగిన ఐసీయూ వాళ్లకి కృతజ్ఞతలు

గులియన్ బారే అనే నరాల జబ్బుతో కాళ్లూ చేతులూ చచ్చుబడి, చివరికి ఊపిరి కూడా అందక వెంటిలేటర్ మీదికి వెళ్లిన నేను ఇప్పుడు ఇంట్లో కర్ర పట్టుకుని నడుస్తున్నాను. గుంటూరులో నన్ను కాపాడిన ఐసీయూ డాక్టర్లకి, సిస్టర్లకి, ఫిజియోథెరపీ బాబుకి అందరి ముందూ దండం పెడుతున్నాను. 5 రోజులు ఎక్కించిన ఇమ్యునోగ్లోబులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) గురించి అందరూ అడుగుతున్నారు. నేను చెప్పాలనుకున్నది మాత్రం వేరే సంగతి.

ఈ జబ్బులో కండరాలు పడిపోతాయి, తెలివి పోదు. పక్క మంచం వాళ్ల మాటలతో సహా అన్నీ వినబడతాయి. వెంటిలేటర్ గొట్టం స్వరతంతువుల మధ్యలోంచి వెళ్తుంది కాబట్టి నోటి మాట రాదు. మానిటర్‌లో ఆక్సిజన్ 98 ఉంటుంది, మనిషికి మాత్రం గాలి చాలదు. మెదడు కోరినంత గాలి, కోరిన వేగంతో మిషన్ ఇవ్వకపోతే అంకె బాగున్నా ఉక్కిరిబిక్కిరిగానే ఉంటుందని డాక్టరుగారు తర్వాత చెప్పారు. ఆ భయం ఎలాంటిదో రాయడం నా వల్ల కాదు.

ఆ రాత్రి నా కళ్లలో నీళ్లు చూసి నైట్ డ్యూటీ సిస్టర్ ఆగింది. నిద్రమందు పెంచి వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. "బాబాయ్ గారూ, అవునంటే ఒకసారి కళ్లార్పండి" అని వర్ణమాల మొదలుపెట్టింది. అచ్చులా, హల్లులా? క వరుసా, చ వరుసా? గ దగ్గర ఆర్పాను, ల దగ్గర ఆర్పాను. గుణింతాలు తనే పూర్తి చేసుకుంది: "గాలా? గాలి చాలట్లేదా?"

వెంటనే కఫం తీసింది, తల వైపు మంచం ఎత్తించింది, డాక్టరుగారిని పిలిచి మిషన్ సెట్టింగ్ మార్పించింది. ముఖానికి చిన్న చేతి ఫ్యాన్ పట్టుకుంది. బుగ్గలకి చల్లగాలి తగిలితే ఆయాసం నిజంగానే తగ్గుతుంది. ఆ రోజు నుంచి ప్రతి డ్యూటీలో నొప్పి గురించి అడిగినట్టే ఆయాసం గురించీ అడిగారు.

మిషన్ మాన్పించే రోజుల్లో నాకు మహా టెన్షన్. ఫిజియోథెరపీ బాబు ఎంతసేపు తీస్తారో ముందే చెప్పేవాడు, పక్కనే నిలబడేవాడు, చాలదంటే మళ్లీ పెట్టేవాడు. మా ఆవిడని లోపలికి రానిచ్చి చెయ్యి పట్టుకోనిచ్చారు.

మీ వాళ్లెవరైనా వెంటిలేటర్ మీద ఉంటే, అంకెలు అడిగాక ఊపిరి ఎలా ఉందో వాళ్లనే అడగండి. సిస్టర్, వచ్చే చెకప్‌కి వర్ణమాల అట్టలు లామినేషన్ చేయించి తెస్తున్నాను, మంచానికి ఒకటి.