పిల్లలు రాసింది పిల్లల చేత చదివించు

పర్లాకిమిడి
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మిత్రమా,

ఎలా ఉన్నావు? అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఇక్కడ మేమంతా కులాసా. నీ ఉత్తరం మొన్ననే అందింది గానీ తీరిగ్గా కూర్చుని రాయాలని ఆదివారం దాకా ఆగాను.

మీ బడికి కంప్యూటర్లు వచ్చాయని, నెట్ కూడా ఒక మాదిరిగా నడుస్తోందని రాశావు. చాలా సంతోషం. "వీడియోలు పెడితే కదలకుండా చూస్తారు, లేచాక అడిగితే ఒక్క ముక్క చెప్పలేరు, వీళ్ళకి ఏం చూపించాలిరా" అని అడిగావు. దీని మీద నేను చెప్పాల్సింది చాలా ఉంది. సాయంత్రం మా అరుగు మీదికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలతో నేనూ ఇదే అవస్థ పడ్డాను. వాళ్ళ సంగతి నీకు తెలిసిందే కదా. మన ఊరు ఒడిశాలోది కాబట్టి ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, పై క్లాసుల్లో ఇంగ్లీషు. కొండ మీది ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సవర పిల్లాడు ఒకడున్నాడు, వాడికైతే నాలుగు భాషలు. ఇంతమందిని ఒక తెర ముందు కూర్చోబెట్టి, అందరికీ పట్టేది ఏముంటుందా అని వెతికాను. చివరికి థింక్‌క్వెస్ట్ అనే, పిల్లలే కట్టిన వెబ్‌సైట్ల లైబ్రరీ దగ్గరికి వచ్చాను.

గుర్తుందా, మనం డిగ్రీ చదివేటప్పుడు నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి తెరిచేవాళ్ళం. అగ్నిపర్వతాల మీద, ఈజిప్టు మమ్మీల మీద పిల్లలే తయారుచేసిన సైట్లు. ఆ లైబ్రరీయే. అప్పుడు దాని వెనక కథ మనకి తెలియదు. 1995లో అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ అండ్ సర్వీసెస్ అనే అమెరికా సంస్థ తన నెట్‌వర్క్ వ్యాపారాన్ని ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీకి అమ్మేసింది. ఆ సంస్థని నడిపిన అలన్ వైస్, వచ్చిన డబ్బుని చదువుకి పనికొచ్చేలా వాడదామని 1996లో థింక్‌క్వెస్ట్ అనే పోటీ మొదలుపెట్టాడు. పోటీ చాలా సింపుల్. పిల్లలు జట్టు కట్టాలి, ఒక టీచరు తోడుండాలి, తమకి ఇష్టమైన విషయం మీద తోటి పిల్లలకి పాఠం చెప్పే వెబ్‌సైటు కట్టాలి. జట్టులో అందరూ ఒకే బడివాళ్ళు కానక్కర్లేదు, ఒకే దేశం వాళ్ళు కూడా కానక్కర్లేదు. పోటీ అయ్యాక ఆ సైట్లని పక్కన పడెయ్యకుండా అన్నీ ఒకచోట చేర్చి, ఎవరైనా ఉచితంగా చూసేలా పెట్టారు. అలా వేల సైట్లు పోగయ్యాయి. 2002లో అది ఒరాకిల్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ చేతికి వెళ్ళింది. 2013 జూలైలో మూసేశారు.

మూసేశారని తెలిసి నాకు చాలా బాధేసింది. ఎంతమంది పిల్లలు రాత్రుళ్ళు కూర్చుని కట్టి ఉంటారు అవన్నీ! అదృష్టం ఏంటంటే, చాలా సైట్ల నకళ్ళు పాత వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్ అనే సైటులో ఉన్నాయి. నేనిప్పుడు పిల్లలకి చూపించేవి అవే.

తెరవడం కష్టం కాదు. వేబ్యాక్ మెషీన్ పేజీలో పైన ఉన్న గడిలో లైబ్రరీ డాట్ థింక్‌క్వెస్ట్ డాట్ ఆర్గ్ అని కొట్టు. సంవత్సరాల వరస వస్తుంది. ఒక సంవత్సరం నొక్కితే కింద కేలెండరు వస్తుంది. అందులో గుండ్రటి చుక్క ఉన్న తేదీల్లో దేన్నైనా నొక్కితే ఆ రోజు ఆ పేజీ ఎలా ఉందో అలా తెరుచుకుంటుంది. నిదానంగా వస్తుంది, ఓపిక పట్టాలి. కొన్ని బొమ్మలు రావు, కొన్ని లింకులు ఎక్కడికీ పోవు. క్విజ్‌లూ కదిలే బొమ్మలూ చాలావరకు ఫ్లాష్ అనే పాత సాఫ్ట్‌వేర్‌తో చేసినవి. 2020 ఆఖరుతో అడోబీ కంపెనీ దాన్ని ఆపేసింది కాబట్టి అవి ఆడకపోతే మీ కంప్యూటర్లు పాడయ్యాయని టెన్షన్ పడకు. ఇంకో సంగతి, క్లాసు మొదలయ్యాక వెతుక్కోవద్దు. ముందురోజే నాలుగైదు పేజీలు తెరిచి, చదివి, సేవ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకో. మీ ఊళ్ళో కరెంటూ నెట్టూ ఎప్పుడు పోతాయో నీకు నేను చెప్పాలా!

ఇంత కష్టపడి పాత సైట్లు ఎందుకురా, కొత్తవి బోలెడున్నాయి కదా అంటావేమో. కొత్తవాటిలో చాలావరకు పెద్దవాళ్ళు రాసినవి. పెద్దవాళ్ళకి విషయం తెలుసు గానీ, మొదటిసారి వినేవాడికి ఎక్కడ అర్థం కాదో గుర్తుండదు. పన్నెండేళ్ళ పిల్ల రాసిన పేజీలో అది కనిపిస్తుంది. తనకి ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఇంకో రెండు వాక్యాలు రాస్తుంది, ఒక బొమ్మ గీస్తుంది. చాలా సైట్లలో జట్టు గురించి ఒక పేజీ ఉంటుంది, వాళ్ళ టీచరు గురించి ఉంటుంది, ఏ పుస్తకాలు చూశారో పట్టీ ఉంటుంది. మా పిల్లలు ముందు తెరిచేది ఆ జట్టు పేజీనే. "సార్, వీళ్ళు మా వయసు వాళ్ళే!" అని ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ చూస్తారు. ఆ తరవాత చదివే తీరే మారిపోతుంది.

సౌర కుటుంబం మీద ఒక సైటు చూస్తున్నాం ఓ సాయంత్రం. అందులో తొమ్మిది గ్రహాలు అని ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల ఒకర్తి వెంటనే, "సార్, మా పుస్తకంలో ఎనిమిదే ఉన్నాయి, ఇది తప్పు, మూసెయ్యండి" అంది. మూయలేదు. పైన అడ్రసులో పొడుగ్గా పద్నాలుగు అంకెలున్నాయి కదా, అవి చదవమన్నాను. మొదటి నాలుగూ సంవత్సరం, తరవాత నెల, రోజు, గంట, నిమిషం, సెకను. ఆ నకలు తీసిన వేళ అది. 2001 అని చదివింది. అప్పుడు చెప్పాను, ప్లూటో గ్రహాల లెక్కలోంచి పోయింది 2006 ఆగస్టు 24న, ప్రాగ్ నగరంలో ఖగోళ శాస్త్రవేత్తల సంఘం ఓటు వేసి నిర్ణయించింది అని. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే ఈ అక్కావాళ్ళు రాసినప్పుడు అది రైటే" అంది. ఆ మాట కోసం నేను నెల రోజులు పాఠం చెప్పినా సరిపోయేది కాదురా. ఇప్పుడు ఏ పేజీ తెరిచినా మా వాళ్ళు ముందు తేదీ చూస్తున్నారు. సెల్‌లో వచ్చే ఫార్వర్డులకి కూడా ఇదెప్పటిది అని ఇంట్లో అడుగుతున్నారట. ఒకమ్మ వచ్చి మరీ చెప్పింది.

భాష సంగతి. ఆ సైట్లలో ఎక్కువ ఇంగ్లీషే. నేను తెలుగు చేసి చెప్పడం మానేశాను. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఒక పేరా చదివి, మిగతావాళ్ళకి తెలుగులోనో ఒడియాలోనో చెప్పమంటాను. తెలియని మాట ఉంటే డిక్షనరీ చూస్తారు, లేదా దాటేసి ముందుకు పోతారు. మరీ సతాయించకు, లేకపోతే ఇంగ్లీషు క్లాసు అయి కూర్చుంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ సైట్లు చూపించి ఊరుకుంటే నువ్వన్న వీడియోలకీ వీటికీ పెద్ద తేడా ఉండదు. పిల్లలు కట్టినవి చూశాక మన పిల్లలూ ఒకటి కట్టాలి. నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగతాదంతా దీని కోసమే.

మా వాళ్ళు మన ఊరి గురించి మొదలుపెట్టారు. మొదటి పేజీ మహేంద్రతనయ నది మీద. అక్కడే గొడవ. ఒక పిల్లాడు అది వంశధారలో కలుస్తుందని రాశాడు. ఇంకొకడు వాళ్ళ అమ్మమ్మ ఊరు బారువట, అక్కడ సముద్రంలో కలవడం కళ్ళారా చూశానంటాడు. ఇద్దరూ కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. మ్యాపు పరిచి, కొండల దగ్గర నుంచి వేలుతో గీత వెంట వెళ్ళమన్నాను. ఇద్దరి మాటా నిజమే. మహేంద్రగిరి వైపు కొండల్లో పుట్టి ఒకే పేరుతో పారే నదులు రెండున్నాయి. మన ఊరి పక్కనుంచి పోయేది వంశధారలో కలుస్తుంది, రెండోది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ ఇద్దరే కలిసి ఆ పేజీ మళ్ళీ రాశారు, మ్యాపు కూడా వాళ్ళే గీశారు. ఎంత బాగా వచ్చిందో చూస్తే నీకే తెలుస్తుంది.

గిడుగు రామమూర్తి పంతులుగారి మీద ఒక పేజీ ఉంది. 1880లో ఇక్కడ బళ్ళో పంతులుగా చేరి, సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాసిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆ పేజీ రాస్తుంటే హాస్టల్ పిల్లాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి, "మా అక్షరాలు కూడా పెడతారా సార్" అన్నాడు. సవర భాష రాసే సొరంగ్ సొంపెంగ్ లిపి, మంగేయ్ గొమాంగో అనే ఆయన 1936లోనే తయారుచేశాడు. 2012 నుంచి కంప్యూటర్లు అన్ని లిపులకీ వాడే యూనికోడ్ పట్టికలో కూడా ఉంది కాబట్టి కంప్యూటర్లో రాయొచ్చు. ఫాంటు ఎక్కించాం. వాడు తన పేరు తన లిపిలో కొట్టి తెర మీద చూసుకుంటూ ఎంతసేపు నిలబడ్డాడో! మిగతా పిల్లలంతా తమ పేర్లు కూడా అందులో రాసిపెట్టమని వాడి చుట్టూ మూగారు.

నీకు పనిముట్ల బెంగ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్ చాలు. వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే గుర్తులు, అదే ట్యాగులు, నాలుగు నేర్పితే పేజీ తయారవుతుంది, ఫోల్డరులో పెట్టి బ్రౌజర్లో తెరిస్తే సైటు లాగే తిరుగుతుంది. నెట్‌లో పెట్టాల్సిన తొందర లేదు. పిల్లల ఫోటోలూ ఇంటిపేర్లూ మాత్రం అందులో పెట్టనివ్వకు. ఇంకెవరో తీసిన బొమ్మలు దించుకుని అతికించవద్దు, గీసుకోమను, లేదా సెల్‌తో తీసుకోమను. ఎవరి దగ్గర విన్నారో, ఏ పుస్తకంలో చూశారో పేజీ కింద రాయాల్సిందే. ఈ ఒక్కదాంట్లో మొహమాటపడకు.

ఇప్పుడు నీతో పని. మా తరవాతి పేజీలు మన చిన్న రైలు మీద. 1900లో నౌపడ నుంచి మన ఊరికి రాజావారు వేయించిన నేరోగేజి, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది, 2004లో ఆగింది. మళ్ళీ బ్రాడ్‌గేజి అయి మన ఊరికి 2010లోనూ, గుణుపురానికి 2011లోనూ వచ్చింది. ఇంతవరకు పుస్తకాల్లో దొరికింది. ఇటువైపు కథ మా పిల్లలు అడిగి తెస్తారు. కిటికీలోంచి చెయ్యి చాపి చెరుకు గడలు లాక్కునేవాళ్ళమని మనం చెప్పుకుంటాం కదా, అలాంటివి పెద్దవాళ్ళ దగ్గర ఇంకెన్ని ఉంటాయో. కానీ రైలు మొదలయ్యేది మీ వైపు. నౌపడ మీ టెక్కలికి ఎంత దూరం? మీ పిల్లలు సైకిళ్ళ మీద వెళ్ళొచ్చు. ఆ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన వాళ్ళు ఎవరైనా ఉన్నారేమో కనుక్కో. అక్కడి ఉప్పు మడుల్లో పనిచేసినవాళ్ళని, ఉప్పు ఈ రైల్లో ఎక్కించారా, ఎలా ఎక్కించారు, ఎక్కడ దించారు అని అడగమను. నాకు తెలుసుకోవాలని ఉంది, పిల్లలకి ఇంకా ఎక్కువ ఉంది.

అటు రాష్ట్రం పిల్లలు, ఇటు రాష్ట్రం పిల్లలు ఒకే జట్టు. ఆ రైలు పేజీలు తెలుగులో మీరు రాయండి, ఒడియాలో మా వాళ్ళు రాస్తారు, తరవాత మార్చుకుందాం. ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు చదివి, అర్థం కానిచోట ప్రశ్న రాయాలి. పెద్దవాళ్ళం మనం దిద్దకూడదు.

మీ హెడ్‌మాస్టరుగారిని అడిగి వచ్చే శనివారం రాత్రి ఫోన్ చెయ్యి. ఒప్పుకుంటే దసరా సెలవుల్లో మీ పిల్లల్ని ఈ రైల్లోనే ఎక్కించి తీసుకురా, భోజనాలు మా ఇంట్లో. వచ్చేటప్పుడు పలాస జీడిపప్పు ఒక కేజీ తేవడం మరవకు, మా ఆవిడ మరీమరీ రాయమంది.

అమ్మకి నా నమస్కారాలు. చెల్లెమ్మని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
పాత బెంచీ నేస్తం