సెన్సర్లు కొనే ముందు డ్రిఫ్ట్ ఎంతో అడగండి

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు గట్టుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. అదే వరదలో కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. కొట్టుకొచ్చిన పడవలు గేట్లు ఎత్తడానికి సాయపడే బరువు దిమ్మలను (కౌంటర్ వెయిట్లను) గుద్దుకున్నాయి. గట్టులో ఊట ఎక్కడ మొదలైందో, గేటు ఉక్కు మీద భారం ఎంత పెరిగిందో ముందే చెప్పడానికి ఆప్టికల్ ఫైబర్ సెన్సర్లు బాగా పనికొస్తాయి. గాజు కాబట్టి పిడుగు పడినా ఫైబర్‌లోకి కరెంటు రాదు. ఒకే కేబుల్ కిలోమీటర్ల పొడవునా కొలుస్తుంది. ఇవి పెట్టాలనే మా కోరిక కూడా. కాకపోతే టెండర్లలో ‘ఎంత సూక్ష్మంగా కొలుస్తుంది’ అని మాత్రమే అడిగి కొంటే రెండో ఏడాదికే అవి అక్కరకు రాకుండా పోతాయి. కొలిచే వస్తువులో మార్పేమీ లేకున్నా రీడింగ్ నెమ్మదిగా పక్కకు జరగడాన్నే డ్రిఫ్ట్ అంటారు. అసలు అడగాల్సింది దాని లెక్క.

గేట్లకు వాడే గ్రేటింగ్ సెన్సర్ సంగతి చూడండి. ఫైబర్ లోపల గీసిన సన్నని గీతల వరుసే గ్రేటింగ్, అది ఒక్క తరంగదైర్ఘ్యం కాంతినే వెనక్కి పంపుతుంది. 1550 నానోమీటర్ల కాంతి దగ్గర ఒక మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల్లో ఒక వంతు) సాగుదలకు దాని తరంగదైర్ఘ్యం సుమారు 1.2 పికోమీటర్లు మారుతుంది. ఒక డిగ్రీ వేడికి సుమారు 10 మారుతుంది. జనవరి తెల్లవారుజాముకూ మే మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా అనుకుంటే, ఉత్త ఫైబరే సుమారు 165 మైక్రోస్ట్రెయిన్ సాగినట్టు చూపిస్తుంది. ఉక్కులో అది 33 మెగాపాస్కల్స్ ఒత్తిడితో సమానం. ఫైబర్‌ను ఉక్కుకు అతికిస్తే ఉక్కు వ్యాకోచం కూడా కలిసి ఈ అంకె రెట్టింపు దాటుతుంది. గేటు మీద ఒక్క చుక్క నీరు పెరగకుండానే ఇదంతా!

అందుకే ప్రతి సెన్సర్ పక్కనా అదే రకం ఉక్కు ముక్క మీద, ఒక చివరే బిగించి, భారం పడని ఇంకో గ్రేటింగ్ ఉండాలి. ఎండా నీడా రెండు గ్రేటింగ్‌లకూ ఒకేలా తగలాలి. అప్పుడే మొదటి రీడింగ్‌లోంచి రెండోదాన్ని తీసేసి వేడి ప్రభావం తొలగించే లెక్క నిలుస్తుంది. ఎండకు కాగే ఉక్కు మీద ఎపాక్సీ జిగురు మెత్తబడి కొద్దికొద్దిగా జారుతుంది, సాగుదల తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడ స్పాట్ వెల్డింగ్ చేసే రకమే వాడాలి. రీడింగ్ తీసే యంత్రం సొంత కొలత కూడా పక్కకు జరుగుతుంది. అది 10 పికోమీటర్లు జరిగిందంటే ఒక డిగ్రీ తప్పు. లోపల ఎసిటిలీన్ గ్యాస్ సెల్ లాంటి మారని కొలమానం ఉన్న యంత్రాన్నే కొనాలి.

గట్టుకు కావలసింది వేరు. ఊరి వైపు గట్టు పాదం వెంట పాతిన కేబుల్, మీటరు మీటరుకూ ఉష్ణోగ్రత చెబుతుంది. ఫైబర్ నుంచి వెనక్కి వచ్చే రెండు రంగుల కాంతి నిష్పత్తే ఇక్కడ ఆధారం. కనెక్టర్‌లో దుమ్ము చేరినా, కేబుల్ ఎక్కడైనా గట్టిగా వంగినా ఆ రెండూ వేర్వేరుగా తగ్గుతాయి, ఉష్ణోగ్రత మారినట్టు భ్రమ కలుగుతుంది. కేబుల్‌ను లూప్‌గా వేసి రెండు చివర్ల నుంచీ కొలవాలి. రెండు చివరలా కొన్ని మీటర్ల చుట్టను ప్లాటినం థర్మామీటరు ఉన్న నీటి తొట్టెలో ఉంచాలి. వానాకాలంలో నీటికీ మట్టికీ వేడిలో పెద్ద తేడా ఉండదు కాబట్టి, రాగి తీగ కలిసిన కేబుల్ తీసుకుని దాన్ని కొన్ని గంటలు వేడి చేసి చూడడమే మేలు. ఊట పారే చోట వేడి తక్కువగా పెరుగుతుంది. కొన్ని గంటల తేడానే చూస్తాం కనుక నెలల తరబడి పేరుకున్న డ్రిఫ్ట్ ఇక్కడ దాదాపు అడ్డురాదు. మా దృష్టిలో బుడమేరుకు ఇదే సరైన పద్ధతి. ఎలుకలు కొరకకుండా ఉక్కు కవచం తప్పనిసరి.

బ్యారేజీ పియర్ల (గేట్ల మధ్య స్తంభాల) ఒరుగుదల కొలవడానికి ఫైబర్ గైరోస్కోపు అమ్మజూపితే వద్దనండి. గైరో కొలిచేది తిరిగే వేగం, కోణం కాదు. గంటకు 0.01 డిగ్రీ డ్రిఫ్ట్ ఉన్న ఖరీదైన గైరో కూడా నెల తిరిగేసరికి 7 డిగ్రీలు తప్పు చెప్పగలదు. పైగా భూమి తిరిగే గంటకు 15 డిగ్రీలను అందులోంచి తీసేయాలి. పియర్‌కు ఒరిగిన కోణాన్ని నేరుగా కొలిచే మామూలు టిల్ట్ మీటరు చాలు.

అన్నిటికన్నా ప్రమాదం రీడింగ్‌ను సున్నాకు తెచ్చే ‘జీరో’ బటన్. రీడింగ్ పక్కకు జరిగిన ప్రతిసారీ ఆపరేటరు జీరో చేస్తే నిజంగా కుంగుతున్న గట్టు కూడా ఆ సున్నాలో కలిసిపోతుంది. జీరో చేయకపోతే ఉత్తుత్తి సైరన్లు మోగుతాయి, నాలుగోసారికి సింగ్ నగర్‌లో ఎవరూ ఇల్లు కదలరు.

కాబట్టి జలవనరుల శాఖకు మా విన్నపం: ఏడాదికి గరిష్ఠ డ్రిఫ్ట్ ఎంతో టెండర్‌లో రాయాలి. బిల్లు చెల్లించే ముందు భారం లేని సెన్సర్లను నెల రోజులు పెట్టెలో ఉంచి, 15 నుంచి 60 డిగ్రీల మధ్య వేడి చేస్తూ చల్లారుస్తూ పరీక్షించాలి. లెక్కగట్టిన అంకెలతోపాటు అసలు తరంగదైర్ఘ్యాలనూ భద్రపరచాలి. జీరో చేసిన ప్రతిసారీ ఎవరు, ఎందుకు చేశారో నమోదు కావాలి. కేబుల్ పాతే పని నీరు తక్కువగా ఉండే వేసవిలోనే ముగిస్తే, తొలి వరదకు ముందే పొడి గట్టు రీడింగులు చేతిలో ఉంటాయి.

– ఇద్దరు ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీర్లు, పటమట, విజయవాడ