బీరు పొట్టు ఆపేశాం, పాల ధర పెరుగుతోంది

మన పాలు పోయించుకునే అందరికీ నమస్కారం.

వచ్చే నెల 1వ తేదీ నుంచి లీటరుకు 6 రూపాయలు పెంచుతున్నాం. కొన్నాళ్లు అడిగినన్ని పాలు ఇవ్వలేకపోవచ్చు. కారణం మేత.

మా ఆవులకు దాణాతో పాటు బీరు పొట్టు పెట్టేవాళ్లం. బీరు కాచాక మిగిలే బార్లీ పిప్పి అది. ఇందులో దాచేదేమీ లేదు, హైదరాబాద్ చుట్టుపక్కల డెయిరీల్లో మామూలే. తాజాగా ఉంటే మంచి మేత, పాలూ బాగా దిగుతాయి. కానీ తడి సరుకు, ఎండల్లో రెండు మూడు రోజులకే చెడిపోతుంది. మాకు సరుకు తెచ్చే ఆయనకు ఈ సంగతి నాకంటే బాగా తెలుసు. అయినా మొన్న పాతదాని మీద కొత్తది కప్పి తోలుకొచ్చాడు. పైపైన మాల్టు వాసన. పార దించి తిరగేస్తే పుల్లటి కంపు, నల్లగా పచ్చగా బూజు గడ్డలు, మధ్యలో చేయి పెట్టలేనంత వేడి. "పశువులే కదన్నా, తింటాయిలే" అన్నాడు. ఏనాడూ డబ్బు బాకీ పెట్టని నాతో అనాల్సిన మాటేనా అది! బండి దించనివ్వలేదు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం పాలలోకి దిగుతుంది, ఎంత కాచినా పోదు. కిలో పాలలో అర మైక్రోగ్రాము మించకూడదని మన ప్రభుత్వ నిబంధన.

ఇంకొకరి దగ్గర కొనాలా, మొత్తానికే మానేయాలా అని తేల్చుకోలేక టెన్షన్ పడుతుంటే అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. గింజలు తినే ఆవుల పేగుల్లో ఈ-కోలి అనే బాక్టీరియా పెరుగుతుందట, గడ్డి తినే ఆవుల పాలు పచ్చివే తాగొచ్చట. కింద మా డెయిరీ పేరు. పెట్టేముందు నన్నొక మాట అడిగితే ఏం పోయేది?

అందులో కొంత నిజం ఉంది. 1998లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు చూసిందేమిటంటే, గింజలు ఎక్కువైతే అరగని పిండి పెద్దపేగుకు చేరి పులుస్తుంది. అక్కడి ఈ-కోలి ఆ పులుపుకు రాటుదేలి మన కడుపులోని ఆమ్లానికి కూడా చావదు. 5 రోజులు ఎండుగడ్డి పెడితే అలాంటివి బాగా తగ్గాయి. కానీ తర్వాతి ప్రయోగాల్లో లెక్క మారింది. అసలు ప్రమాదకరమైన ఓ157 రకం గడ్డి మేసిన పశువుల పేడలోనూ వచ్చింది, ఒక ప్రయోగంలో వాటిలోనే ఎక్కువ రోజులు ఉంది. ఆవుకు దానివల్ల ఏమీ కాదు, చూస్తే తెలియదు. చిన్నపిల్లలకు సోకితే మాత్రం కిడ్నీల మీదకు రావచ్చు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకొకటి. అమెరికాలోని కాన్సస్‌లో డిస్టిలరీ పొట్టు (ఆల్కహాల్ తీశాక మిగిలే గింజల పిప్పి, మా బీరు పొట్టు లాంటిదే) తిన్న పశువుల్లో ఓ157 ఎక్కువగా కనిపించింది. అన్ని పరీక్షల్లోనూ అలా రాలేదు. పైగా అవి మాంసానికి పెంచేవి, మావి పాడి ఆవులు. ఇన్ని చెప్పుకున్నా మనసు ఒప్పలేదు. మానేశాం. ఇప్పుడు చొప్ప, నేపియర్ గడ్డి, పక్కన దాణా. దాణా ఒక్కసారిగా పెంచితే ఆవుకు కడుపు పులిసి మేత మానేస్తుంది కాబట్టి మెల్లగా పెంచుతున్నాం. పాలు తగ్గింది అందుకే.

అలాగని "గడ్డి పాలు, క్రిములుండవు" అని బోర్డు పెట్టను, పక్క డెయిరీ పెట్టినా సరే. ఈ-కోలి పాలలో పడేది పొదుగుకు అంటిన పేడ నుంచి. మేం పొదుగు కడిగి, పొడిగుడ్డతో తుడిచాకే పితుకుతాం. అయినా మీరు పొంగు వచ్చేదాకా కాచాల్సిందే, కాస్తే అది చస్తుంది. జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లు పచ్చిపాలు తాగుతామని అడుగుతున్నారు. వాళ్లకు ఇకనుంచి పోయను, కోపం వచ్చినా సరే.

పొట్టు ఆయన రోజూ ఫోన్ చేసి ఒక లోడు ఉచితంగా ఇస్తానంటున్నాడు. వద్దన్నాను. కొత్త ధర కుదరనివాళ్లు నెలాఖరులోగా చెబితే అడ్వాన్సు తిరిగిచ్చేస్తాను. మెసేజ్ పెట్టినవారికి కూడా పాలు ఎప్పటిలాగే వస్తాయి. అనుమానం ఉంటే తెల్లవారుజామున పాలు పితికే వేళకు వచ్చి చూసుకోవచ్చు, పాత చెప్పులు వేసుకుని రండి.